జాముకొక ప్రార్థన: దుమ్ముగూడెం నుంచి ఖాజాగూడ దాకా

పోయిన వేసవి సెలవుల్లో హైదరాబాద్ పోయినప్పుడు, నా దగ్గర చదువుకున్న ఒక పిల్లవాడిని కలవడానికి ఖాజాగూడ వెళ్ళాను. మన గోదావరి ఒడ్డు ఊరివాడే. పదో తరగతి తర్వాత చదువు ఆగిపోయింది. ఇప్పుడు అక్కడ ఒక పెద్ద అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ పని చేస్తున్నాడు. పన్నెండు గంటల డ్యూటీ. మన మండలాల పిల్లలే ఆరుగురు కలిసి ఒక గదిలో ఉంటున్నారు.

ఖాజాగూడ చూసినవాళ్ళకు తెలుసు. ఒకవైపు కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళ గుట్టలు, ఆ గుట్టల్లో ఒక దర్గా, ఒక గుడి, కింద చెరువు. ఇంకోవైపు మెడ నొప్పి పుట్టేంత ఎత్తు భవనాలు. మేం ఆ గుట్ట దగ్గర కూర్చుని మాట్లాడుకుంటుండగా మధ్యాహ్నం 3 గంటలకు వాడి ఫోన్ మోగింది. డ్యూటీకి టైమయిందేమో అనుకుని లేవబోయాను. వాడు నవ్వి అన్నాడు: "సార్, డ్యూటీ అయితే సూపర్‌వైజర్ ఫోన్ చేస్తడు. ఇది మాత్రం నాది. ప్రార్థన అలారం."

పొద్దున 6, 9, పగలు 12, 3, సాయంత్రం 6, రాత్రి పడుకునే ముందు ఒకటి. ఇలా ఆరు అలారాలు పెట్టుకున్నాడు. ఒక్కోసారి రెండు నిమిషాలే. ఒకసారి గేటు దగ్గర కళ్ళు మూసుకుని నిలబడితే నిద్రపోతున్నాడని అనుకుని సగం రోజు జీతం కోశారట. అయినా మానలేదు. చివరికి నన్ను ఒక ప్రశ్న అడిగాడు: "సార్, ఇట్ల గంటగంటకు ప్రార్థన చేసుడు ఎక్కడినుంచి వచ్చింది? మా అవ్వ ఇది తెల్లదొరల అలవాటు అంటది. నిజమేనా?"

అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం వాడికి చెప్పవలసిన జవాబు. మనలో చర్చికి పోయేవాళ్ళున్నారు, వేల్పులకు మొక్కేవాళ్ళున్నారు, మా ఇంట్లో లాగా రెండూ ఉన్న ఇళ్ళున్నాయి. ఎవరి నమ్మకం వారిది. కానీ ఒక అలవాటు మన ఊరికి ఎలా వచ్చిందో, వస్తూ ఏం తెచ్చిందో, ఏం తీసుకుపోయిందో తెలుసుకోవడం అందరికీ అవసరం.

మొదలు ఎక్కడ?

ముందుగా అవ్వ మాటకు జవాబు చెప్పుకుందాం. వేళ ప్రకారం ప్రార్థన చేయడం తెల్లదొరలు పుట్టించింది కాదు. అది పడమటి ఆసియాలో, యూదుల మధ్య పుట్టింది. యెరూషలేము దేవాలయంలో ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి బలి అర్పించేవారు. ఆ వేళలకే జనం ప్రార్థన చేసేవారు. బైబిల్లో కీర్తనలు పాడిన భక్తుడు సాయంత్రం, ఉదయం, మధ్యాహ్నం మొరపెట్టుకుంటానని ఒకచోట, రోజుకు ఏడుసార్లు స్తుతిస్తానని ఇంకోచోట చెప్పాడు.

ఇక్కడ దానియేలు కథ గుర్తు చేసుకోవాలి. అతను తన సొంత గడ్డ మీద ప్రార్థన చేసినవాడు కాదు. ఓడిపోయిన జాతి పిల్లవాడు. చెరపట్టి బబులోనుకు తీసుకుపోతే పరాయి రాజు కొలువులో పని చేసినవాడు. ముప్పై రోజుల దాకా రాజుకు తప్ప ఎవరికీ మొక్కకూడదని శాసనం వచ్చినా, తన ఊరి దిక్కు కిటికీ తెరిచి రోజుకు మూడుసార్లు మోకరించాడు. దానికే సింహాల గుహలో వేశారు. బతుకుతెరువు కోసం పరాయి పట్నంలో గేటు దగ్గర నిలబడ్డ మన పిల్లలకు ఈ కథ తొందరగా అర్థమవుతుంది.

యేసు శిష్యులూ యూదులే కాబట్టి అవే వేళలు పాటించారు. అపొస్తలుల కార్యముల గ్రంథంలో ఆ వేళలు కనబడతాయి. పేతురు, యోహాను ప్రార్థన వేళకు దేవాలయానికి పోవడం, పేతురు మధ్యాహ్నం మిద్దె మీద ప్రార్థించడం, పౌలు, సీల అర్ధరాత్రి జైల్లో పాడడం. క్రీస్తు తర్వాత వందేళ్ళు అటూఇటూగా రాసిన 'డిడాకే' అనే చిన్న పుస్తకంలో, పరలోక ప్రార్థనను రోజుకు మూడుసార్లు చేయాలని చెప్పారు.

జాము అన్న మాట

ఇక్కడ టీచర్లు పిల్లలకు చెప్పదగ్గ విషయం ఒకటుంది. ఆ కాలంలో రోమా రాజ్యంలో పొద్దు పొడిచినప్పటి నుంచి గుంకే దాకా ఉన్న పగటిని పన్నెండు భాగాలు చేసేవారు. మూడో గంట అంటే మన లెక్కలో పొద్దున 9. ఆరో గంట అంటే నడిమధ్యాహ్నం. తొమ్మిదో గంట అంటే పగలు 3. ప్రార్థనలు ఎక్కువగా ఈ మూడింటి దగ్గర కుదిరాయి.

మూడు గంటలకొకటి అంటే ఏమిటి? మన తెలుగు పెద్దలు 'జాము' అన్నదే. పగలు నాలుగు జాములు, రాత్రి నాలుగు జాములు. తెలుగు బైబిల్ తర్జుమా చేసినవారికి కూడా ఇది తట్టింది. పెంతెకొస్తు దినాన పేతురు మాట్లాడే చోట మూడో గంటను వాళ్ళు 'జాము' లెక్కలో చెప్పారు. తర్వాతి అధ్యాయంలో దేవాలయానికి పోయే చోట మాత్రం తొమ్మిదో గంటను గడియారం లెక్కకు మార్చి పగలు మూడు గంటలు అన్నారు. ఒకే పుస్తకంలో పాత కాలమూ కొత్త కాలమూ పక్కపక్కనే ఉన్నాయి. ఖాజాగూడ పిల్లవాడి 9, 12, 3 అలారాలు ఆ పాత జాములే.

ఇంకో మాట కూడా చూడండి. తెలుగులో 'గంట' అంటే మోగే గంట, కాలం లెక్కపెట్టే గంట కూడా. ఇంగ్లీషులో గడియారాన్ని క్లాక్ అంటారు. ఆ మాట కూడా మోగే గంటను చెప్పే పాత లాటిన్ మాట నుంచే వచ్చింది. మధ్యాహ్నాన్ని నూన్ అంటారు. అది లాటిన్‌లో తొమ్మిదో గంట ప్రార్థన పేరు. పగలు 3 గంటల ప్రార్థన కాలక్రమంలో ముందుకు జరుగుతూ పన్నెండుకు చేరితే, పేరు కూడా దానితో పాటే జరిగింది. అంటే రోజును లెక్కించే మాటల్లో కొన్ని ప్రార్థన నుంచే పుట్టాయి.

మఠాల్లో ఎనిమిది వేళలు

నాలుగో శతాబ్దంలో ఈజిప్టు ఎడారుల్లో, సిరియాలో కొందరు లోకం విడిచి ప్రార్థనే పనిగా బతికారు. ఆరో శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్ట్ అనే సన్యాసి తన మఠానికి ఒక నియమావళి రాశాడు. పగలు ఏడు వేళలు, రాత్రి ఒకటి. కోడికూతకు ముందు లేచి ఒకటి, వెలుతురు వచ్చేటప్పుడు ఒకటి, ఆ తర్వాత పొద్దున 6, 9, పగలు 12, 3, దీపాలు పెట్టే వేళ, పడుకునే ముందు. వారం తిరిగేలోపు 150 కీర్తనలూ పాడడం అయిపోవాలి. ఈ ప్రార్థనల మధ్య చేతిపని ఎప్పుడు చేయాలో, పుస్తకం ఎప్పుడు చదవాలో కూడా రాసిపెట్టాడు. బెనెడిక్ట్ నియమంలో పొలం పనికి, చదువుకు, ప్రార్థనకు మూడింటికీ చోటుంది.

మరి చదువురాని రైతు కూలీలు? వాళ్ళకు 150 కీర్తనలు నోటికి రావు. అందుకని 150 సార్లు చిన్న ప్రార్థన పూసల మీద లెక్కపెట్టుకునే అలవాటు వచ్చింది. కతోలికుల జపమాల వెనక ఉన్న లెక్క ఇదే. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం గుడి గంట మోగితే ఎక్కడున్నవాళ్ళు అక్కడే ఆగి మొక్కేవారు. హైదరాబాద్ గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసెఫ్ కెథెడ్రల్ గోపురాల్లో ఇటలీ నుంచి తెచ్చిన గంటలున్నాయి. కేరళ నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడ్డ సిరియన్ క్రైస్తవుల సంప్రదాయంలో ఇప్పటికీ తూర్పు ముఖంగా నిలబడి చేసే ఏడు వేళల ప్రార్థన ఉంది. ముస్లిం సోదరుల ఐదు పూటల నమాజు మనందరికీ తెలిసిందే. పొద్దును చూసి ఆగి మొక్కడం ఏ ఒక్క మతం సొత్తూ కాదు.

కానీ గంట చరిత్రలో ఒక మలుపు ఉంది. యూరప్ పట్టణాల్లో నేత పని పెరిగాక, కూలీలను పనికి పిలవడానికి, అన్నానికి వదలడానికి, మళ్ళీ పనికి ఎక్కించడానికి వేరే గంటలు కట్టారు. ఫ్రాన్స్‌లో ఆమియన్ అనే పట్టణం పెద్దలు 1335లో ఇలాంటి పని గంట కోసం రాజు దగ్గర అనుమతి తీసుకున్నారు. కొన్నిచోట్ల కూలీలు ఆ గంటల మీద తిరగబడ్డారు కూడా. దేవుడి వేళను చెప్పిన గంట యజమాని వేళను చెప్పడం అప్పుడు మొదలైంది. ఖాజాగూడలో వేలిముద్ర పెట్టే మిషన్ ఆ పని గంటకు ముని మనవడు.

దుమ్ముగూడేనికి వచ్చిన గంట

ఇంగ్లండ్‌లో 1549లో థామస్ క్రాన్మర్ అనే ఆర్చిబిషప్ కొత్త ప్రార్థన పుస్తకం తయారు చేశాడు. మఠాల ఎనిమిది వేళలను రెండుగా కుదించాడు. ఒకటి ఉదయ ప్రార్థన, రెండు సాయంకాల ప్రార్థన. ఇంకో పెద్ద మార్పు, లాటిన్ తీసేసి జనం మాట్లాడే భాషలో పెట్టాడు. ఊరి పాదిరి రోజూ ప్రార్థనకు ముందు గంట కొట్టాలి, వినబడ్డవాళ్ళు రావాలి. రెండు సూత్రాలు గుర్తుపెట్టుకోండి: రోజూ గంట, జనం భాష.

ఈ పద్ధతి మన గోదావరి ఒడ్డుకు 1860 ప్రాంతంలో వచ్చింది. అప్పుడు భద్రాచలం ఎగువన దుమ్ముగూడెం దగ్గర గోదావరిలో పడవలు నడపడానికి ఆనకట్ట, కాలువ పనులు జరుగుతున్నాయి. ఆ పనులు చూసే ఇంజనీరు హేగ్, ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో, కోయవారి మధ్య మిషన్ పెట్టమని చర్చ్ మిషనరీ సొసైటీని అడిగాడు. అదే పనుల్లో ఉండి క్రైస్తవుడైన వెంకటరామరాజు తొలి పనివారిలో ఒకడు. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ చాలా ఏళ్ళు దుమ్ముగూడెంలో ఉన్నాడు. భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి 'ఇండియన్ యాంటిక్వరీ' పత్రికలో 1876 నుంచి వ్యాసాలు రాశాడు. కోయవారి ఆచారాల గురించి అచ్చయిన తొలి వివరాల్లో అవి కొన్ని. లూకా సువార్త కోయ భాషలోకి 19వ శతాబ్దంలోనే వచ్చింది. మిషన్ బడిలో ఆడపిల్లలకు నేర్పిన లేసు అల్లిక దుమ్ముగూడెం పేరును దూరదేశాలకు తీసుకుపోయింది.

అవే సంవత్సరాల్లో మనవాళ్ళకు ఇంకా ఏం జరిగిందో కూడా పక్కన పెట్టి చూడాలి. పడవల పథకం 1871లో ఆగిపోయింది. 1874లో భద్రాచలం తాలూకాను మద్రాసు రాష్ట్రంలోని గోదావరి జిల్లాలో కలిపారు. 1879లో రంప తిరుగుబాటు లేచింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి అడవి సర్కారుదైంది. పోడు ఎప్పుడు కొట్టాలో, ఎక్కడ కొట్టాలో ఇంకొకరు చెప్పడం మొదలైంది. గుడి గంట, బడి గంట, సర్కారు గడువు మూడూ దాదాపు ఒకే తరంలో మన తాతల ముత్తాతల చెవిన పడ్డాయి. అవ్వ 'తెల్లదొరల అలవాటు' అనడంలో పూర్తి నిజం లేకపోయినా, ఆ జ్ఞాపకం ఉంది.

డోర్నకల్: కూలి ముగిసిన తర్వాతి గంట

1912 డిసెంబర్ 29న కలకత్తాలో వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్‌గా అభిషేకం పొందాడు. ఆయన కేంద్రం డోర్నకల్. తిరునల్వేలి వైపు నుంచి వచ్చిన తమిళుడైనా తెలుగు నేర్చుకుని, 1945 జనవరి 1న చనిపోయేదాకా ఇక్కడే ఉన్నాడు. 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ కెథెడ్రల్‌లో గుడి స్తంభాలూ, మసీదు గుమ్మటాలూ కలిసి కనబడతాయి.

ఆ డయాసిస్ క్రైస్తవుల్లో ఎక్కువమంది భూమిలేని మాల, మాదిగ కూలీలు. పగలంతా భూస్వామిదే. పొద్దు పొడిచింది మొదలు గుంకేదాకా ఎప్పుడు రావాలో, ఎప్పుడు పోవాలో చెప్పేది ఆయనే. కాబట్టి ప్రార్థన పొద్దుగూకాక జరిగేది. ఊరి బడి పంతులే ప్రార్థన నడిపించేవాడు. పగలు పిల్లలకు అక్షరాలు చెప్పిన మనిషే రాత్రి దీపం దగ్గర పెద్దలతో కీర్తన పాడించేవాడు, వాక్యం వల్లె వేయించేవాడు. పుస్తకం చదవలేని వాళ్ళకు పాటే పుస్తకం. తెలుగు సంఘాలు పాడే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో తెల్లవారు వేళకు, సాయంకాలానికి వేరువేరు పాటలున్నాయి.

ఆ అరగంటకు నేను చాలా విలువ ఇస్తాను. రోజులో యజమానికి చెందని వేళ అదొక్కటే. ఆ వేళలో మనిషి స్నానం చేసి, ఉతికిన గుడ్డ కట్టుకుని, పదిమందితో కూర్చుని, తన పేరు తనకు గౌరవంగా వినబడే చోట ఉన్నాడు. అక్షరం కూడా అక్కడే అంటింది. ఆ తర్వాత తరాల్లో ఆ ఇళ్ళనుంచి టీచర్లు, నర్సులు, గుమస్తాలు వచ్చారంటే, దాని వెనక ఆ దీపం కూడా ఉంది.

1947 సెప్టెంబర్ 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక డోర్నకల్, మెదక్ వంటి ప్రాంతాలు ఒకే సంఘంలోకి వచ్చాయి. రోజూ గంట కొట్టే పద్ధతి మెల్లగా పలచబడింది. ఆదివారం ఆరాధన, ఇంటింటి ప్రార్థన, ఉపవాస ప్రార్థన, తెల్లవారుజాము ప్రార్థన నిలబడ్డాయి. పుస్తకంలోని వేళలు పాటించని బాప్టిస్టులకు కూడా తెల్లవారుజాముతో అనుబంధం ఉంది. 1854 జనవరి 1న ఒంగోలు దగ్గర కొండ మీద జూయెట్ దంపతులు, కొందరు తెలుగు విశ్వాసులు పొద్దు పొడిచే వేళ చేసిన ప్రార్థనను వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

మన వేళలు ఏమయ్యాయి?

ఇప్పుడు కష్టమైన మాట. గంట రాకముందు మనకు వేళ లేదా? మనవాళ్ళకు మొక్కు లేదా? రెండూ ఉన్నాయి. మన మొక్కు గంటను పట్టి నడవదు, పంటను పట్టి నడుస్తుంది. భూమి పండుగ కాకుండా విత్తనం పడదు. కొత్తల పండుగ చేసి వేల్పుకు, పెద్దలకు పెట్టకుండా కొత్త గింజ నోట్లో పెట్టుకోం. ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఆడవాళ్ళు కోడి కూయకముందే గంప పట్టుకుని చెట్టు కిందికి పోతారు. ఎవరూ గంట కొట్టరు. చెట్టే పిలుస్తుంది. తినే ముందు ఆగడం, పెద్దలను తలచుకోవడం, అప్పుడు ముట్టుకోవడం. బెనెడిక్ట్ మఠంలో రోజుకు ఎనిమిదిసార్లు పనిని ఆపినట్టే, మన ఊళ్ళో ఏడాదికి కొన్నిసార్లు ఆకలిని ఆపి మొక్కేవారు. లెక్క వేరు, బుద్ధి ఒకటే.

గంట తెచ్చిన పద్ధతిలో నాకు కనబడే పెద్ద లోటు భాష. క్రాన్మర్ రెండు సూత్రాల్లో గంట మన దగ్గరికి వచ్చింది, జనం భాష మాత్రం సగం దారిలో ఆగింది. కోయలో లూకా సువార్త అచ్చయినా, నేను చూసిన మన ఊరి ప్రార్థనల్లో పాట తెలుగు, వాక్యం తెలుగు, పాదిరి మాట తెలుగు. ముసలి అవ్వ మాత్రం చివర్లో కళ్ళు మూసుకుని గొణుక్కునేది కోయలో. ఆమె దేవుడికి ఆ భాష వస్తుందని ఆమెకు సందేహం లేదు. సందేహం మనకే వచ్చింది. ఇందులో తప్పు చర్చిది ఒక్కదానిదే కాదు. బడి కూడా అదే చేసింది. 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో, కోయతో సహా, చిన్న తరగతులకు పుస్తకాలు వచ్చేదాకా మన బడుల్లో పొద్దున ప్రార్థన మొదలు సాయంత్రం గంట దాకా పిల్లవాడి ఇంటి భాషకు చోటే లేదు. వచ్చిన పుస్తకాలు ఎన్ని బడుల్లో నిలబడ్డాయో మన టీచర్లకు తెలుసు.

రెండో లోటు, కొందరు కొత్త విశ్వాసం పట్టుకుని కొత్తల పండుగకు రాకపోవడం, ఇంకొందరు ఆ కోపంతో వాళ్ళను ఊరి పనుల నుంచి దూరం పెట్టడం. ఒకే ఊళ్ళో రెండు కాలాలు నడిస్తే పంపకం, పెళ్ళి, చావు అన్నీ చిక్కుపడతాయి. వడ్డె, పటేల్, పాదిరి కలిసి కూర్చున్న ఊళ్ళో ఈ చిక్కు తక్కువ. కూర్చోని ఊళ్ళో బయటివాళ్ళు వచ్చి తీర్పు చెబుతారు.

ఆ పిల్లవాడికి, మనకు

ఇప్పుడు ఆ పిల్లవాడి ప్రశ్నకు జవాబు. ఇది తెల్లదొరల అలవాటు కాదు నాయనా. చెరపట్టబడ్డ జాతి పిల్లలు, ఎడారి సన్యాసులు, చదువురాని రైతులు, భూమిలేని కూలీలు తమ రోజులో కొంత భాగం తమదిగా ఉంచుకోవడానికి పట్టుకున్న అలవాటు ఇది. దొరలు తెచ్చిన దారి నిజం. కానీ వాళ్ళ కంటే ముందే ఆ దారిలో నడిచినవాళ్ళున్నారు. మీ గేటు దగ్గర ఆ రెండు నిమిషాలు నువ్వు పడుకోలేదు. పన్నెండు గంటలు అమ్ముకున్న మనిషి రెండు నిమిషాలు అమ్ముకోకుండా దాచుకున్నాడు. అందుకు జీతం కోయడం అన్యాయం.

ఒకటి మాత్రం అడుగుతాను. ఆ ఆరు వేళల్లో ఒక్కటైనా మన భాషలో మాట్లాడు. అవ్వ గొణుక్కున్నట్టే. ఊరికి వచ్చినప్పుడు కొత్తల పండుగ నాడు అవ్వ పక్కన కూర్చో. తినాలా వద్దా అన్నది నీ మనసు. కూర్చోవడానికి ఏ మతమూ అడ్డు చెప్పదు.

తోటి టీచర్లకు ఒక పని. మీ తరగతిలో పిల్లలచేత ఇంటి పెద్దలను అడిగించండి: కోడికూత నుంచి నడిరేయి దాకా వేళలకు మన భాషలో ఏమేం పేర్లున్నాయి? ఏ పిట్ట అరుపును, ఏ చెట్టు నీడను, ఏ చుక్కను చూసి చెప్పేవారు? వాటిని తెలుగు లిపిలోనే రాయించి గోడకు అంటించండి. పక్కనే జాముల లెక్క, రోమా గంటల లెక్క, గడియారం లెక్క గీయించండి. లెక్కలు, తెలుగు, సాంఘిక శాస్త్రం మూడు పాఠాలు ఒక్క చార్టులో అవుతాయి. మా బడిలో ఈ ఏడు మొదలుపెట్టాం. ఇప్పటికి పదకొండు మాటలు దొరికాయి. అందులో నాలుగు నాకే తెలియవు. చెప్పింది ఎవరో కాదు, ఖాజాగూడ పిల్లవాడి అవ్వ.